బొట్టు పెట్టి ఆర్పిన పొయ్యి

మా ఊరి నుంచి యాత్రకి వెళ్ళొచ్చినవాళ్ళు కాశీ గురించి చెబుతారు, అరుణాచలం గురించి చెబుతారు. నేను అమీర్‌పేట వెళ్ళొచ్చాను. దసరా మూడు రోజులూ అక్కడే గడిపాను. వచ్చి మూడు వారాలవుతున్నా కోపం చల్లారలేదు. కోపం మీద ఉన్నప్పుడు ఏదీ రాయొద్దని మా చెల్లెలు అంటుంది. చల్లారాక రాస్తే ఉప్పు తగ్గుతుందని నా భయం.

కోపానికి ముందు దణ్ణాలు. రైల్లో కింద బెర్తు నాకిచ్చి తాను పైకెక్కిన తణుకు ఆసామికి, పంజాగుట్ట కళ్ళజోళ్ళ కొట్టాయనకి, బోరబండ యాదగిరికి, ముక్కూ మొహం తెలియని నాకు కంచంలో సగం పెట్టిన హాస్టలు పిల్లలకి. వీళ్ళందరినీ నా దారిలో నిలబెట్టిన భగవంతుడికి. ఇక నిర్మొహమాటంగా చెప్పుకోవచ్చు.

వెళ్ళిన పని ఇది. మా చెల్లెలి కూతురు వసుధ హైదరాబాదులో ఒక పరీక్షల ల్యాబులో ఉద్యోగం చేస్తోంది. దసరాకి ఇంటికి రానంది. కారణం అడిగితే, పొయ్యి మీద పని పెట్టి ఉంది, వదిలి రాలేను అంది. వంట చేసే ఉద్యోగం కాదు కదా, ఆ పొయ్యేంటో వెళ్ళి చూసి రా అక్కా అని చెల్లెలు నన్ను పంపించింది. నేను బడి మొహం చూసినదాన్ని కాదు. చిన్నప్పుడు ఉబ్బసమని నాన్నగారు ఇంట్లోనే చదువు చెప్పారు. ల్యాబంటే రక్తం తీసి, చీటీ ఇచ్చి పంపించే చోటని తప్ప నాకు మరో సంగతి తెలియదు.

మైత్రీవనం దగ్గర

అష్టమి పొద్దున్న అమీర్‌పేట మెట్రో మెట్లు దిగాను. పండగ కదా, వీధులు ఖాళీగా ఉంటాయనుకున్నాను. మైత్రీవనం మేడ ముందు తిరునాళ్ళలా ఉంది. వీపున సంచులు తగిలించుకున్న పిల్లలు, వాళ్ళ మధ్య కాగితాలు పంచేవాళ్ళు. గోడ మీద గోడ కనిపించనన్ని కోచింగ్ బోర్డులు. నాకు అరవై రెండేళ్ళు, చేతిలో కందిపొడి డబ్బా, పసుపు సంచీ. అయినా ఒకమ్మాయి నా చేతిలో కాగితం పెట్టి, డెమో క్లాసు ఫ్రీ ఆంటీ, ఒక్కసారి వచ్చి కూర్చోండి అంది. ఏం నేర్పుతారమ్మా అంటే ఏదో చెప్పింది. అది తినేదో తాగేదో కూడా నాకు తెలియలేదు. రోడ్డు దాటేలోపు అలాంటి కాగితాలు నా చేతిలో దస్తా అయ్యాయి. చదువుకోమని నన్ను ఇంతమంది బతిమాలడం జీవితంలో ఇదే మొదటిసారి.

అక్కడే ఎవరి సంచో తగిలి నా కళ్ళజోడు కింద పడింది. అద్దాలు దక్కాయి, ఒక కాడ ఊడింది. కాగితాలు పంచే ఆ అమ్మాయే వంగి తీసి, తన జడకున్న రబ్బరు బ్యాండు విప్పి కాడకి చుట్టి ఇచ్చింది. జుట్టు విరబోసుకునే మళ్ళీ కాగితాలు పంచుకుంటూ పోయింది. ఆ పిల్ల చల్లగా ఉండాలి.

టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ తిన్నాను. ప్లేటు నలభై. మా పాలకొల్లులో అల్లప్పచ్చడి లేకుండా ఇడ్లీ పెడితే గొడవలైపోతాయి. ఇక్కడ పల్లీ చట్నీ ఒక్కటే, అదీ గరిటెడు నీళ్ళు ఎక్కువ. అన్నం పెట్టిన చేతిని తిట్టకూడదని ఊరుకున్నాను.

మధురానగర్‌లో సద్దులు

వసుధ ఉండే హాస్టలు మధురానగర్‌లో, కిరాణా కొట్టు పైన. గదికి నాలుగు మంచాలు, నాలుగు మంచాలకీ ఒక కిటికీ. పప్పులో పప్పు కోసం గరిటెతో గాలించాలి. దీనికి నెలకి తీసుకునే సొమ్ముతో మా ఊళ్ళో పెరడున్న ఇల్లు అద్దెకి వస్తుంది. ఈ మాట హాస్టలు నడిపే సుజాతక్కతో అన్నాను. ఆమె నొచ్చుకోలేదు. "మీ ఊర్ల ఇల్లుంటది పెద్దమ్మ, నౌకరి ఉంటదా మరి?" అంది.

సాయంత్రం డాబా మీద బతుకమ్మ పేర్చారు. నేను చూడడం అదే మొదటిసారి. మేం బొమ్మల కొలువు పెట్టి, పేరంటానికి పిలిచి శనగలు పంచుతాం. అమ్మవారు పీట మీద ఉంటుంది, మేం కింద ఉంటాం. ఇక్కడ పువ్వులే అమ్మవారు. గునుగు, తంగేడు, బంతి వరసలు వరసలుగా పేర్చి, చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడతారు. చెరువు దగ్గరలో లేదని చివరికి నీళ్ళ టబ్బులో సాగనంపారు. నీలం రంగు ప్లాస్టిక్ టబ్బు. మొదట నా ప్రాణం చివుక్కుమంది. తర్వాత, చెరువును మింగేసింది ఈ పిల్లలు కాదు కదా అనిపించింది. దణ్ణం పెట్టుకున్నాను. సద్దులంటే కలిపిన అన్నాలట; పెరుగు సద్ది, నువ్వుల సద్ది, రొట్టె బెల్లం నలిపి చేసిన మలీద తెచ్చి ఎవరికి వాళ్ళు నా కంచంలో పెట్టారు. మలీద నాకు బాగా నచ్చింది.

వసుధ ఒక్కటే ఆడలేదు. రెండుసార్లు కిందికి దిగి ల్యాబుకి వెళ్ళొచ్చింది. ఎందుకే అంటే, వేడి చూసొచ్చాను పెద్దమ్మా అంది. చంటిపిల్లని ఇంట్లో వదిలి వచ్చినదానిలా ఉంది.

మూడో అంతస్తు

నవమి పొద్దున్న ఆ చంటిపిల్లని చూపించడానికి తీసుకెళ్ళింది. అమీర్‌పేట లోపలి సందులో మేడ. కింద జిరాక్సు కొట్టు, పైన ఇంగ్లీషు మాట్లాడడం నేర్పే క్లాసు, ఆ పైన ల్యాబు. మెట్లెక్కుతుంటే పిల్లలందరూ ఒక్క గొంతుతో ఇంగ్లీషులో క్షమాపణ చెప్పడం నేర్చుకుంటున్నారు.

పొయ్యి అంటే బీరువాలో సగం ఉన్న ఇనప పెట్టె, గాజు తలుపు. ఓవెన్ అంటారు. లోపల చిన్న చిన్న మూత గిన్నెలు, ఒక్కో గిన్నెలో నీళ్ళు, నీళ్ళలో మందుబిళ్ళంత నల్లటి బిళ్ళ. ఆ బిళ్ళ సిరామిక్. మన పింగాణీకి దగ్గర చుట్టం.

వసుధ చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. అణుశక్తితో కరెంటు తీశాక చెత్త మిగులుతుంది. ఆ చెత్త వేల ఏళ్ళు విషమే. దాన్ని ఎక్కడా పారబోయడానికి లేదు. అందుకని సిరామిక్‌లో కలిపి, రాయిలా గట్టిపరిచి, భూమిలో బాగా లోతున పెట్టాలని చూస్తున్నారు. కింద నీళ్ళు తగిలితే ఆ రాయి విషాన్ని పట్టి ఉంచుతుందా, మెల్లగా వదిలేస్తుందా అన్నది ముందు తేలాలి. ఈ ల్యాబులో అసలు విషం లేదు. దాని బదులు అలాగే నడుచుకునే హాని లేని పదార్థం బిళ్ళల్లో కలిపారు. తొంభై డిగ్రీల వేడిలో నాలుగు వారాలు, ఒక్క పూట కూడా ఆగకుండా నీళ్ళలో ఉంచి, నీళ్ళలోకి ఎంత దిగిందో కొలుస్తారు. ఒక పెద్ద సర్కారీ పరిశోధనాలయం వాళ్ళు ఒప్పజెప్పిన పని. ఇంకో మూడు రోజుల్లో పూర్తవుతుంది.

మా అమ్మ కొత్త జాడీ కొంటే వెంటనే ఆవకాయ పెట్టేది కాదు. నిండా ఉప్పునీళ్ళు పోసి, బూడిద పరిచిన చోట పెట్టి పది రోజులు చూసేది. జాడీ ఒంటి మీద ఉప్పు తెల్లగా పూసిందా, జాడీ అమ్మినవాడి మొహాన కొట్టి రావడమే. ఆ మాట చెబితే వసుధ నవ్వింది.

"మేం చేసేదీ అదే పెద్దమ్మా. కాకపోతే మా జాడీ ఒకసారి భూమిలో పెట్టాక వెనక్కి ఇవ్వడానికి ఉండదు."

ఇంకో సంగతి కూడా అప్పుడే చెప్పింది. మూడేళ్ళుగా ఆమె కాంట్రాక్టు మీదే ఉంది, అది ఈ నెలాఖరుకి మళ్ళీ అయిపోతుంది. ఈ రిపోర్టు ఆమె సంతకంతో గడువులోపల వెళితే పర్మనెంటు చేస్తానని ల్యాబు యజమాని శ్రీధర్ గారు మాటిచ్చారు. గడువు కూడా నెలాఖరే.

ఆ రోజు ఆయుధపూజ. ల్యాబు అటెండరు యాదగిరి బోరబండ నుంచి పొద్దున్నే వచ్చి నిమ్మకాయలు కోస్తున్నాడు, బంతిదండలు కడుతున్నాడు. తుడిచి తుడిచి ప్రతి యంత్రాన్నీ అద్దంలా చేశాడు. వసుధ అతనికి ఒకటికి రెండుసార్లు చెప్పింది: ఈ ఓవెన్‌కి బొట్టు పెట్టు, దండ వెయ్యి, స్విచ్చి మాత్రం ముట్టుకోకు అన్నా అని. అతను సరే బిడ్డా అన్నాడు. చేతులు పసుపుగా ఉన్నాయని తల మాత్రమే నాకేసి వంచి నమస్కారం పెట్టాడు.

పంజాగుట్టలో కళ్ళజోడు

పూజకి ఇంకా సమయం ఉందని, కళ్ళజోడు బాగుచేయించడానికి వసుధ నన్ను పంజాగుట్ట తీసుకెళ్ళింది. ఆటో అతను మీటరు తిప్పలేదు. మీటరుకి గుడ్డ చుట్టి పైన కుంకుమ పెట్టాడు. పూజలో ఉందట. పూజలో ఉన్న మీటరు ఛార్జీ తక్కువ చెబుతుందా ఎక్కువ చెబుతుందా అని అడిగాను. నవ్వి పది రూపాయలు తగ్గించాడు. నా కోపం తగ్గలేదు.

పంజాగుట్ట చౌరస్తా వెనక సందులో కళ్ళజోళ్ళ కొట్టు. నెరిసిన గడ్డం పెద్దమనిషి కాడ చూసి, రబ్బరు బ్యాండు విప్పి, చిన్న మేకులాంటిది పెట్టి బిగించాడు. పనిలో పనిగా గీతలు పడిన అద్దం కూడా మార్చమన్నాను. ఆయన మూలకి చూపించాడు. అద్దం అరగదీసే మెషినుకి గంధం, కుంకుమ, పక్కన కొబ్బరిచెక్క.

"దానికి ఇయ్యాల పూజ చేసిండు మా పనోడు. ఒకసారి పూజ అయితే ఇగ రేపటిదాక ముట్టం అమ్మా. చేతితోని అయ్యే పనే చేస్తున్న."

నాకు ఎంతో ముచ్చటేసింది. ఏడాదంతా తిండి పెట్టిన యంత్రానికి ఒక పూట సెలవు. అంత పెద్ద బజారులో, పండగ బేరాల మధ్య, ఆ నియమం తప్పని మనుషులున్నారని సంతోషించాను. వసుధ మొహం చూసేసరికి నా సంతోషం ఆగింది.

"పెద్దమ్మా, పద," అంది.

ఎందుకన్నా వినలేదు. డబ్బులు నేనిస్తున్నా ఆగలేదు. కొట్టాయన కాడకి డబ్బు తీసుకోనని చేతులు జోడిస్తే, ఆయనకి కృతజ్ఞత సరిగ్గా చెప్పుకునే వ్యవధి కూడా దొరకలేదు. ఇక్కడ చెప్పుకుంటున్నాను.

పసుపు చేతులు

మేం వెళ్ళేసరికి పూజ అయిపోయింది. శ్రీధర్ గారు అనుకున్నదానికంటే ముందే వచ్చారట. గది నిండా సాంబ్రాణి. గాజు తలుపు మీద మూడు పసుపు గీతలు, మధ్యలో కుంకుమ, పైన బంతిదండ. చూడ్డానికి గర్భగుడిలా ఉంది. వసుధ తలుపు మీద చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది.

స్విచ్చి వెయ్యబోతే యాదగిరి అడ్డం వచ్చాడు. "జర ఆగు బిడ్డా. పూజ అయినంక రేపటిదాక ముట్టొద్దు," అన్నాడు. వెంటనే తలదించుకున్నాడు. "నేను చెప్పిన సార్‌కు, నువ్వు వద్దన్నవని."

శ్రీధర్ గారిని చెడ్డమనిషి అనను. నల్లగొండ వైపు సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టి, సొంతంగా ల్యాబు పెట్టుకున్న మనిషి. నన్ను చూడగానే కుర్చీ తుడిచి వేశారు, కోవా పెట్టారు, బాగున్నరా పెద్దమ్మ అని ఆప్యాయంగా అడిగారు. తర్వాత వసుధతో అన్నారు:

"నేనే బంద్ చెయ్యమన్న. అమ్మవారి ముందట మెషిన్ నడుస్తదా? ఏడాదంతా పని చేస్తయ్, ఒక్క పూట రెస్ట్. గింత దానికి ఫికర్ ఎందుకు?"

వసుధ నెమ్మదిగానే చెప్పింది. బెల్లం పాకం చల్లారితే పలుకులు అడుక్కి చేరతాయి కదా, అలాగే వేడి తగ్గితే నీళ్ళలోకి దిగింది మళ్ళీ బిళ్ళకే అంటుకుంటుంది. అప్పుడు కొలిస్తే నీళ్ళు శుభ్రంగా ఉంటాయి. బిళ్ళ ఉన్నదానికంటే మంచిదని తేలుతుంది. అది నిజం కాదు. కొత్త బిళ్ళలతో మళ్ళీ మొదటి నుంచి పెట్టాలి.

మళ్ళీ నాలుగు వారాలంటే నెలాఖరు దాటుతుంది. అది గదిలో అందరికీ తెలుసు, అటెండరుకి కూడా.

"మళ్ళ పెట్టుడు లేదు ఏం లేదు. ఆగకుండ నడిచిందని రాసి సంతకం పెట్టు. వచ్చే నెల నుంచి నువ్వు పర్మనెంట్," అన్నారు శ్రీధర్ గారు. నావైపు తిరిగి నవ్వారు. "దేవుని పనికోసం ఆపినం. ఇగ దేవుడే చూస్కుంటడు. కాదా పెద్దమ్మ?"

నా నోట్లో కోవా ఉంది. మింగలేను, ఉమ్మలేను. ఆ కోవా ఇచ్చిన అవకాశంతో ఆయన నా మౌనాన్ని అవుననుకుని వెళ్ళిపోయారు. రేపు సాయంత్రం జమ్మికి ఇంటికి రండి అని పిలిచి మరీ వెళ్ళారు.

చదివేవాళ్ళు నన్ను అర్థం చేసుకోవాలి. నేను పూజని తప్పు పట్టే మనిషిని కాదు. నా రోకలికి, కత్తిపీటకి, కుట్టుమిషనుకి ఏటా బొట్టు పెడతాను. తెలియక ఆపారంటే సరే అంటాను; యాదగిరి భక్తితో పసుపు పూశాడు, ఆ పసుపు మీద నాకు ఒక్క మాట లేదు. కానీ ఆపిన తర్వాత ఆపలేదని రాయడమేమిటి? ఆ రాతకి దేవుణ్ణి జామీను పెట్టడమేమిటి? చేసిన తప్పు దిద్దుకోవడానికి దేవుడు పనికిరాలేదు గానీ, కప్పుకోవడానికి దుప్పటిలా పనికొచ్చాడు. వేల ఏళ్ళు నిలబడాల్సిన వస్తువు సంగతి తేల్చుకోవడానికి ఒక నెల ఓపిక లేని మనిషి, ఆ వేల ఏళ్ళూ కాపలా కాయమని భగవంతుడికి అప్పగించి, చేతులు కడుక్కుని, కోవా పంచి వెళ్ళాడు. దారిపొడుగునా నేను ఇదే అన్నాను. సుజాతక్క మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టింది.

దశమి పొద్దున్న

వసుధ మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఏం చెయ్యమంటావు పెద్దమ్మా అని అడిగింది. ఉద్యోగం నీది, నా నోటితో చెప్పను అన్నాను. చెల్లెలికి ఏం జవాబు చెప్పుకోను? మూడేళ్ళ నుంచి పర్మనెంటు అనే మాట కోసం ఆ పిల్ల నీళ్ళ పప్పు తింటోంది.

ఏదో ఒకటి మాట్లాడాలని నా అక్షరాభ్యాసం సంగతి చెప్పాను. అది కూడా విజయదశమి రోజే. పళ్ళెంలో బియ్యం పోసి నాన్నగారు నా వేలు పట్టుకుని రాయించారు. నేను వేలు విదిలించడంతో అక్షరం వంకర పోయింది. దాని మీదే దిద్దబోయాను. నాన్నగారు దిద్దనివ్వలేదు. పళ్ళెం కుదిపి, బియ్యం చదును చేసి, మళ్ళీ మొదటి నుంచి రాయించారు. ముహూర్తం దాటిపోతోందని అమ్మ గుమ్మంలోంచి తొందరపెడుతూనే ఉంది.

వసుధ లేచి తలంటుకుంది, తడి జుట్టుతోనే ల్యాబు తాళాలు తీసుకుంది. నేను వెనకే నడిచాను. యాదగిరి మాకంటే ముందే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, పండగపూట, పిలవకుండా. నిద్రపోలేదట. నా నౌకరి సుత పోతదా బిడ్డా అని అడిగాడు. పోదు అన్నా, పోతే ఇద్దరం కలిసి పోదాం అంది వసుధ.

పాత బిళ్ళలు తీసి విడిగా పెట్టింది. గిన్నెలన్నీ కడిగింది, మళ్ళీ కడిగింది. పాతవాటితో ఒకేసారి బట్టీలో కాల్చిన కొత్త బిళ్ళలు తూచి, కొత్త నీళ్ళలో వేసి లోపల పెట్టింది. యాదగిరి కొబ్బరికాయ కొట్టి మొదలుపెడదామన్నాడు. కొట్టు, కానీ గది బయట, వరండాలో అంది. అక్కడే కొట్టాడు. నీళ్ళు మెట్ల మీదుగా కిందికి, ఇంగ్లీషు క్లాసు గుమ్మం దాకా పోయాయి. గాజు తలుపు మీద నిన్నటి పసుపు అలాగే ఉంది. తుడవనా అని యాదగిరి అడిగితే, ఉండనీ అంది. స్విచ్చి వేసింది.

జమ్మి

సాయంత్రం వెలుగుండగానే పంజాగుట్టలో శ్రీధర్ గారి ఇంటికి వెళ్ళాం. వెళ్ళడం నాకిష్టం లేదు. మొహం మీద చెప్పాలి పెద్దమ్మా అని వసుధ తీసుకెళ్ళింది.

మా వైపు దశమికి జమ్మిచెట్టు దగ్గర పూజ చేసి, శ్లోకం రాసిన చీటీ కొమ్మకి కట్టి వస్తాం. ఇక్కడ ఆ ఆకునే బంగారమంటారు. చిన్నవాళ్ళు పెద్దల చేతిలో జమ్మి పెట్టి కాళ్ళకి మొక్కుతారు, పెద్దలు దీవిస్తారు. పగవాళ్ళు కూడా ఆ పూట ఆకు ఇచ్చుకుని కౌగిలించుకుంటారట. ఇంత మంచి ఆచారం మా వైపు ఎందుకు లేదా అని అసూయపడ్డాను.

శ్రీధర్ గారు కొత్త లాల్చీ వేసుకుని, తల్లికి జమ్మి ఇచ్చి మొక్కి, తిన్నగా నా దగ్గరికి వచ్చారు. "బంగారం తీస్కోండ్రి పెద్దమ్మ. దీవించుండ్రి," అని వంగారు.

నేను చెయ్యి చాపలేదు. పెద్దదాన్నయి, పండగనాడు ఒకరింట్లో కూర్చుని ఆ పని చేశాను.

"బాబూ, దీవెన నా సొంత సొత్తు కాదు. దేవుడి పేరు చెప్పి ఇచ్చేది. నిన్న ఆయన పేరే చెప్పి అబద్ధం రాయమన్నారు, నన్ను అవుననమన్నారు. ఆ రెంటికీ నా నోరు ఒక్కటే ఉంది," అన్నాను.

వంగిన మనిషి లేచారు. వసుధ నిలబడింది. "సార్, పొద్దున్న కొత్త బిళ్ళలతో మళ్ళీ మొదలుపెట్టాను. ఓవెన్ ఆగిందని రాస్తే పాత రిపోర్టు మీద సంతకం చేస్తాను. లేకపోతే చెయ్యను."

"ఎవల్ని అడిగి పెట్టినవ్? నెలాఖరుకు నీ కాంట్రాక్ట్ అయిపోతది, యాదికున్నదా?"

"ఉంది సార్."

సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్న ఆయన తల్లి అప్పటిదాకా వక్క నములుతూ వింటోంది. ఏందిరా లొల్లి అంది. ఆయన విసుగ్గానే చెప్పారు. కరెంటు చేసినంక విషం మిగులుతదమ్మా, దాన్ని బిళ్ళల్ల పట్టిచ్చి భూమిల పెడ్తరు, అది గట్టిగున్నదా లేదా మేం చూస్తం, పూజకని పొయ్యి ఒక పూట ఆపినం, గంతే అన్నారు.

"ఎవల ఊర్ల పెడ్తరు?" అంది ఆమె.

"ఇంక తెల్వదమ్మా. ఎక్కడనో."

"గా ఎక్కడనో ఉన్నోళ్ళు సుత దసరా చేస్కుంటరు గద రా."

ఆయన చేతిలోని జమ్మి టీపాయ్ మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. ఆ పెద్దావిడ నాకు బొట్టు పెట్టి, రవిక గుడ్డ ఇచ్చి, కొడుకు పెట్టిపోయిన ఆకు ముట్టుకోకుండా వేరే ఆకు తన చేత్తో ఇచ్చింది. దాన్ని నేను కళ్ళకద్దుకున్నాను. శ్రీధర్ గారు మాతో మాట్లాడకుండానే కిందికి దిగి, ఆటో పిలిచి, మీటరు మీదే వెళ్ళాలని ఆటో అతనితో గట్టిగా చెప్పి పంపించారు. ఆ కాస్త మర్యాదకి కృతజ్ఞురాలిని.

ఇంటికి వచ్చాక

నేను వచ్చిన నాలుగో రోజు వసుధ ఫోను చేసింది. రిపోర్టు వెళ్ళిందట. ల్యాబు యజమాని చెప్పగా పూజ కోసం ఓవెన్ ఒక పూట ఆపారు, ఈ ఫలితాలు లెక్కలోకి తీసుకోవద్దు, పరీక్ష మళ్ళీ మొదలైంది అని రాసి ఉందట. ఆ వాక్యం శ్రీధర్ గారే చెప్పి రాయించారు, వసుధ సంతకం పైన తన సంతకం పెట్టారు. అవతల పరిశోధనాలయం వాళ్ళు మంచిది, ఆగుతాం అన్నారు. అంతే. ఇంత భయం ఆ ఒక్క మాట కోసమా!

మర్నాడు శ్రీధర్ గారే ఫోనులో మాట్లాడారు. ఇప్పుడన్న దీవిస్తరా పెద్దమ్మ అని అడిగారు. దీవించాను. మనస్ఫూర్తిగా, పిల్లాపాపలతో చల్లగా ఉండమని దీవించాను. ఆ నోటితోనే, మా పిల్ల ఉద్యోగం సంగతేమిటి బాబూ అని అడిగాను. చూద్దాం అన్నారు. పరీక్ష అయ్యేదాకా అని కాంట్రాక్టు ఒక్క నెల పొడిగించారు. పర్మనెంటు మాట ఎత్తడం లేదు.

అబద్ధం రాస్తే జీవితకాలం ఉద్యోగం, నిజం రాస్తే ఒక నెల. ఈ ధర ఎవరు నిర్ణయించారో నాకు తెలియదు గానీ, మైత్రీవనం ముందు కాగితాలు పంచినవాళ్ళలో ఒక్కరూ ఆ పిల్లలకి ఈ సంగతి నేర్పుతామని చెప్పలేదు. మా చెల్లెలు నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు కష్టంగా ఉంది. కూతురికి కందిపొడి పంపిస్తూ, డబ్బా మూత బిగించి, ఇంకో వారం ఉందా అక్కా అని మాత్రం అడిగింది.

ఇంకో వారం ఉంది. యాదగిరి ఓవెన్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడట. దీపావళి ముగ్గుకని సున్నం తెచ్చినవాళ్ళని కూడా దగ్గరికి రానివ్వడం లేదట. నేను రోజూ దీపం పెట్టాక వసుధకి ఫోను చేస్తాను. నిన్న ఫోను ఆ పెట్టె దగ్గర పెట్టమన్నాను. పెట్టింది. తేనెటీగలు తిరుగుతున్నట్టు సన్నటి మోత వినిపించింది.

"ఆగలేదుగా?" అన్నాను.

"ఆగలేదు పెద్దమ్మా."